తెగింపు పాటలో తప్పిన దెబ్బ

ఇసొబె తమొత్సు మొహం తెలియనివాళ్ళు షిరాసాకి రేవులో ఉండొచ్చేమో గాని, ఆయన చెవి సంగతి తెలియనివాళ్ళు లేరు. చెక్క పడవని ఒడ్డుకి లాగి, "ఏమీ లేదు మేస్త్రిగారూ, కాస్త చెమ్మ, అంతే" అని యజమాని చెబుతుంటే ఆయన బదులిచ్చేవాడు కాదు. వేలి కణుపుతో పలకల మీద తడుతూ పడవ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు. అక్కడ ఉలి దింపితే లోపల పుచ్చు. నలభై ఏళ్ళ పనిలో చెవి ఆయన్ని మోసం చేసింది రెండుసార్లో మూడుసార్లో. యజమానులు మాత్రం రోజూ చేసేవాళ్ళు. అందుకని మనిషి నోటి మాట నమ్మడం ఆయన ఎప్పుడో మానుకున్నాడు.

ఫైబర్ పడవలు వచ్చాక ఆ చెవికి పని తగ్గింది. అరవై ఎనిమిదేళ్ళకి ఆయనకి మిగిలింది బేస్‌బాల్, అందులోనూ పెలికన్స్ జట్టు, అందులోనూ కుడివైపు గ్యాలరీలో అభిమానుల గుంపు నడుమ మోగే పెద్ద డోలు.

ఆ డోలు ఆయన చేసిందే. కెయాకి చెట్టు గట్టి దుంగని తొలిచి రెండేళ్ళు నీడన ఎండబెట్టాడు. తోలు ఎక్కించడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. నానిన ఎద్దు తోలు అంచులకి చిల్లులు పొడిచి, వాటిలో కర్రలు దూర్చి, తాళ్ళతో కిందికి బిగించి, పైకెక్కి మడమలతో తొక్కాలి. సాగినకొద్దీ తాళ్ళు మళ్ళీ లాగాలి. మోత కుదిరిందనిపించాకే చుట్టూ మేకులు కొట్టాలి. మొదటి నాలుగు తోళ్ళు పాడయ్యాయి. అయిదోది పలికింది. ఆనాటి నుంచి ప్రతి మార్చిలో, ఆటలు మొదలయ్యే ముందు, పైముఖానికి కొత్త తోలు ఆయనే ఎక్కిస్తాడు. దాని మీద నల్ల లక్కతో పెలికన్ బొమ్మ కూడా ఆయనే వేస్తాడు.

ఇరవై నాలుగేళ్ళు దాన్ని వాయించిందీ ఆయనే. భుజం మొరాయించాక కర్రలు నవాతా చేతిలో పెట్టాడు. నవాతా చేపముద్దల కార్ఖానాలో పనిచేస్తాడు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు, ఇప్పుడు నలభై మూడు. మాట తక్కువ, మణికట్టు గట్టిది. అప్పట్లో ఇసొబెకి నచ్చినవి ఆ రెండే.

ఆ ఏడు సెప్టెంబరు మొదటికి పెలికన్స్ నాలుగో స్థానంలో ఉన్నారు. మూడో స్థానంలో ఉన్న ఓర్కాస్‌కీ వాళ్ళకీ తేడా అర ఆటే, ఒక్క గెలుపుతో తిరగబడేది. మూడో స్థానం దాకా వచ్చినవాళ్ళకి అక్టోబరులో పెద్ద ఆటలు, నాలుగోవాళ్ళకి ఇంట్లో కూర్చుని గోళ్ళు కత్తిరించుకోవడం. పదకొండేళ్ళుగా షిరాసాకి గోళ్ళే కత్తిరించుకుంటోంది.

సెప్టెంబరు ఆరున, ఏడో ఇన్నింగ్స్‌లో, పెలికన్స్ రన్నర్ రెండో బేస్ మీదికి చేరాడు. అలా పరుగుకి సగం దారి చేరితే, ఆ బ్యాటర్ కోసం పాడే సొంత పాట ఆపి, గుంపంతా తెగింపు పాట ఎత్తుకోవడం ఆనవాయితీ. బాకాలు లేచాయి. డోలు ధన్, ధన్, ధనధన్ అని సాగుతోంది. నడుమ ఒక్క దెబ్బ తోలు మీద కాక అంచు కర్ర మీద పడింది. టక్.

మూడు వేలమంది అరుస్తున్నారు. ఎవరికీ వినపడలేదు. కింది వరసలో అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకున్న ఇసొబెకి మాత్రం పలక కింద పుచ్చు తగిలినట్టయింది. మరుక్షణం బంతి కుడివైపు గోడకి తగిలింది. రెండు పరుగులు.

ఆట అయ్యాక డోలుకి గుడ్డ తొడుగుతున్న నవాతా దగ్గరికి వెళ్ళాడు.

"ఏడో ఇన్నింగ్స్‌లో ఏమైంది?"

"రెండు పరుగులొచ్చాయిగా మేస్త్రిగారూ."

"పరుగుల సంగతి అడగలేదు. కర్ర అంచుకెందుకు తగిలింది?"

నవాతా గుడ్డ ముడి వేస్తూనే ఉన్నాడు. "చెమటకి జారింది."

ఇసొబె కర్ర అందుకుని చూశాడు. పట్టుకునే చోట చుట్టిన గుడ్డ పొడిగా ఉంది. జారిన దెబ్బకి సగం మోత తోలుది, సగం కర్రది ఉంటుంది. ఆయన విన్నది ఎత్తి, గురి చూసి వేసిన దెబ్బ.

తరవాతి ఆట నుంచి ఆయన విసనకర్ర వెనక వడ్రంగి పెన్సిలుతో గుర్తులు పెట్టసాగాడు. ఎనిమిదో తారీకున రెండు టక్కులు. తొమ్మిదిన ఒకటి. పదమూడున మూడు. అన్నీ తెగింపు పాటలోనే. రన్నర్ ముందుకొచ్చి, పరుగు రాబోయే అదునులోనే. మామూలు పాటల్లో ఒక్కటీ లేదు. జారే చెయ్యి అయితే అన్ని పాటల్లోనూ జారాలి కదా?

పద్నాలుగున పేపర్లో ఓర్కాస్ మేనేజరు మాటలు వచ్చాయి. "షిరాసాకిలో మా క్యాచర్ వేళ్ళు మాకంటే వాళ్ళకే బాగా కనిపిస్తున్నట్టున్నాయి" అన్నాడాయన.

ఇసొబె కాఫీ చల్లారింది. బ్యాటర్ వెనక క్యాచర్ కూర్చుని మోకాళ్ళ మధ్య వేళ్ళు చూపిస్తాడు. ఒక వేలు చూపిస్తే తిన్నని బంతి, రెండయితే వంకర బంతి. అది బంతి విసిరే పిచర్‌కి మాత్రమే తెలియాలి. కానీ క్యాచర్ ఎదురుగా, పిచర్ వెనక, దూరంగా ఉన్నది తమ గ్యాలరీయే. అక్కడ ఒకడు దుర్భిణి పెట్టుకుని కూర్చుంటే ఆ వేళ్ళు కనపడతాయి. పక్కనే డోలు ఉంటే బ్యాటర్‌కి కబురు అందుతుంది. టక్ అంటే వంకర బంతి.

వారం తిరక్కుండా లీగు నుంచి అన్ని ఊళ్ళ అభిమానుల గుంపులకీ ఒక కాగితం వచ్చింది. గ్యాలరీ నుంచి సంకేతాలు పంపినట్టు తేలితే ఆ గుంపుకి డోలు, బాకా, జెండాల అనుమతి రద్దు. చేసిన మనిషి జన్మలో ఏ మైదానంలోనూ కాలు పెట్టకూడదు. గుంపు పెద్దలే ముందుగా చెబితే గుంపుని వదిలేస్తారు, మనిషిని మాత్రం వదలరు.

అంటే నవాతాని పట్టిస్తే డోలు బతుకుతుంది. ఊరుకుంటే రెండూ పోతాయి.

ఇంట్లో భార్య తొమిఎ చేపల కడుపులు చీలుస్తోంది. ఆయన విసనకర్ర ఆవిడ ముందు పెట్టాడు.

"ఏమిటండీ ఈ గీతలు?"

"నవాతా దొంగ."

"అతని పెళ్ళికి పెద్దలుగా కూర్చున్నది మనమే. పిల్ల ఇంటికి వెళ్ళి, ఇలాంటి నిఖార్సయిన మనిషి దొరకడని చెప్పింది మీరే."

"అప్పుడు చెప్పింది నోరు. ఇప్పుడు చెబుతోంది చెవి."

"ఆ చెవి పొద్దున నేను మూడుసార్లు పిలిస్తే వినలేదు," అంది తొమిఎ, చేప తిరగేస్తూ.

ఆయన పక్కింటాయన దగ్గర దుర్భిణి అడిగి తెచ్చుకున్నాడు. పంతొమ్మిదో తారీకు ఆటలో కింది వరస నుంచి క్యాచర్ మోకాళ్ళ మధ్యకి చూశాడు. వేళ్ళు కనిపించాయి. ఆ రోజు నాలుగు టక్కులు పడ్డాయి. రెండుసార్లు వంకర బంతి వచ్చింది, రెండుసార్లు తిన్నని బంతి. లెక్క కుదరలేదు. కుదరకపోవడమే ఆయనకి ఇంకో రుజువు అయింది. తెలివైన దొంగ రోజూ ఒకే దారిలో వెళ్ళడు, సంకేతం మార్చి ఉంటాడు.

ఆ రోజే కొత్త మనిషిని చూశాడు.

నవాతాకి రెండు కుర్చీల అవతల, బూడిదరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన. ఒళ్ళో నల్లటి పెట్టె. చప్పట్లు కొట్టడు, పాడడు, స్కోరుబోర్డు వైపు తల తిప్పడు. తెగింపు పాట రాగానే కళ్ళు మూసుకుంటాడు. ఇన్నింగ్స్ అవగానే నవాతా వైపు వంగి ఏదో చెబుతాడు, నవాతా తల ఊపుతాడు. ఆట చూడనివాడు టిక్కెట్టు కొనుక్కుని ఎందుకొచ్చాడు? ఆ పెట్టెలో ఏముంది?

ఇరవై ఒకటిన మళ్ళీ వచ్చాడు. ఇసొబె మెట్లెక్కి వెళ్ళేసరికి ముసలాయన లేచి వెళ్ళిపోయాడు.

"ఎవరాయన?"

"తెలీదు మేస్త్రిగారూ. ఎవరో అభిమాని," అన్నాడు నవాతా. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

పెలికన్స్ గెలుస్తూనే ఉన్నారు. ఊళ్ళో చేపల దుకాణాలవాళ్ళు పెలికన్ టోపీలు పెట్టుకుని అమ్ముతున్నారు. గెలిచిన ప్రతి ఆటా ఇసొబెకి గొంతులో ముల్లయింది. పదకొండేళ్ళు ఎదురుచూసిన సెప్టెంబరు ఇది. పక్కవాడు కౌగిలించుకుంటే ఆయన కర్రలా నిలబడేవాడు. ఆ పరుగు బ్యాటుదా, డోలుదా?

ఇక ఒక్క ఆట మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం, సొంత మైదానంలో, ఓర్కాస్‌తోనే. గెలిస్తే మూడు, ఓడితే నాలుగు.

శుక్రవారం ఆయన ఒకినొ హరుయె క్షౌరశాలకి వెళ్ళాడు. గుంపుకి పెద్ద ఆవిడే. అరవై ఏళ్ళ మనిషి, ఆవిడ ఈల వేస్తే మూడు వేలమంది లేస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, మొత్తం విన్నది. కత్తెర ఒక్కసారి కూడా ఆగలేదు.

"అయిందా? తల వంచండి. నవాతాకి సంకేతాలు పంపేంత తెలివుంటే చేపముద్దలెందుకు పిసుకుతాడయ్యా?"

"లీగు కాగితం చదివారుగా. మనం చెప్పకపోతే డోలు పోతుంది."

"డోలు పోతుందని మీ భయమా, డోలు మీది కాకుండా పోయిందని మీ బాధా?"

ఆయన అద్దంలోకి చూశాడు. "ఆదివారం కర్రలు నాకివ్వండి. ఆట అయ్యాక లీగుకి ఉత్తరం రాయండి. నా పేరు మీదే రాయండి" అన్నాడు.

ఒకినొ ఆయన ముందే నవాతాకి ఫోన్ చేసింది. అవతలి గొంతు ఇసొబెకి కూడా వినపడింది. "వద్దు. ఆయన వాయించకూడదు. ఎవరైనా సరే, ఆయన మాత్రం వద్దు."

"ఎందుకు?"

"ఆయన... ఆయన భుజం బాగాలేదుగా" అన్నాడు నవాతా.

ఇసొబె గుడ్డ విప్పుకుని లేచాడు. ఇంకే అనుమానమూ మిగల్లేదు ఆయనకి.

ఆదివారం పొద్దున సన్నగా తుంపర పడి ఆగింది. గ్యాలరీలో కాలు పెట్టే చోటు లేదు. ఇసొబె నడుముకి ఎర్రగుడ్డ బిగించి ఎనిమిదేళ్ళ తరవాత డోలు ముందు నిలబడ్డాడు. నవాతా నాలుగు వరసల కింద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆట వైపు కాదు, వెనక్కి తిరిగి డోలు వైపు చూస్తున్నాడు. బూడిద టోపీ ఎక్కడా లేదు. రాడు మరి, పని లేదుగా ఇవాళ.

మొదటి పాటకే డోలు కొంచెం మొద్దుగా పలికింది. తుంపరకి తోలు సడలిందనుకున్నాడు. తన మణికట్టు తుప్పు పట్టిందనుకున్నాడు. మరో రోజయితే కర్రలు కింద పెట్టి తోలంతా వేళ్ళతో తడిమేవాడే. ఆ రోజు ఆయన డోలుని వినలేదు. నవాతాని చూస్తున్నాడు. నవాతా ఎవరికైనా సైగ చేస్తాడా, ఎవరైనా అతని పక్కకి వచ్చి కూర్చుంటారా అని ఏడు ఇన్నింగ్స్ కాపలా కాశాడు. ఎవరూ రాలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఓర్కాస్ ఒక పరుగు ముందున్నారు. పెలికన్స్‌లో ఇద్దరు అవుట్, మూడోవాడు అవుటయితే వంతు అయిపోయినట్టే. రన్నర్లు రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. ఒకినొ ఈల వేసింది. తెగింపు పాట.

నవాతా లేచి నిలబడ్డాడు. "మేస్త్రిగారూ, మెల్లగా! అంచుకి కొట్టండి, అంచుకి!" అని అరిచాడు.

ఇసొబెకి ఒళ్ళు మండింది. అందరి ముందూ సంకేతం అడుగుతున్నాడా? భుజం దాకా చెయ్యెత్తి, తోలు నడిమధ్యన, ఇరవై నాలుగేళ్ళ అలవాటు బలమంతా పెట్టి కొట్టాడు. ఒకటి. రెండు. మూడో దెబ్బకి కర్ర మణికట్టు దాకా లోపలికి దిగిపోయింది.

చిరిగిన మోత ఆయన ఒక్కడికే కాదు, ఈసారి అందరికీ వినపడింది. బాకాలు తడబడి ఆగాయి.

పెలికన్ బొమ్మ మెడ దగ్గర నుంచి రెక్క దాకా తోలు విచ్చుకుంది. ఇసొబె కర్ర వదిలేసి చీలిక లోపలికి వేలు పోనిచ్చాడు. చిరుగు అంచు పీచుపీచుగా ఉంది. కానీ మొదలు దగ్గర జానెడు మేర నున్నగా ఉంది. చిరిగిన నునుపు కాదది. కత్తి నునుపు. పశువు తోలు ఒలిచేటప్పుడు లోపలి వైపు పడ్డ గాటు. మార్చిలో తోలు తన చేతికి వచ్చేనాటికే ఉంది. బయటి వైపు అరచేత్తో రాసి, బాగుందనుకుని ఎక్కించేశాడు. లోపలి వైపు వేలితో తడిమి చూడలేదు. కళ్ళు మసకేస్తున్నాయని ఎవరికీ చెప్పడం ఇష్టం లేక, ఆ పూట పని త్వరగా ముగించాడు. పైనుంచి నల్ల లక్క పూశాడు.

నవాతా వరసలు దాటి పైకొచ్చాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు ఇసొబె, వేలు తియ్యకుండానే.

"ఆగస్టు చివర్లో. గట్టిగా కొడితే ఇక్కడ మోత జారుతోంది. తెగింపు పాటలోనే కదా అంత గట్టిగా కొట్టేది? మరీ గట్టి దెబ్బలు కొన్ని అంచుకి మళ్ళిస్తే ఈ ఏడాదికి ఆగుతుందని..."

"ఆ ముసలాయన?"

నవాతా తల దించుకున్నాడు. "హిరొకావాలో డోళ్ళు చేస్తాడు. చెవితో వింటే చెబుతానన్నాడు, ఆగుతుందో లేదో. పెట్టెలో మేకులూ సుత్తీ. మధ్యలో పోతే పట్టుకోవచ్చని."

"నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు ఎక్కించిన తోలు బాగాలేదని మీకు ఎలా చెప్పను మేస్త్రిగారూ?"

"డోలు తిరగెయ్యొచ్చుగా! కింది ముఖం ఉందిగా!"

"బొమ్మ కనపడకపోతే మీరు ఒక్క నిమిషంలో మెట్లెక్కి వచ్చేసేవారు."

"కథలు తరవాత చెప్పుకోండి!" అని అరిచింది ఒకినొ. "బ్యాటర్ నిలబడ్డాడక్కడ!"

ఇద్దరూ చెరో పక్క పట్టి డోలుని తిరగేశారు. కింది తోలు మూడేళ్ళ పాతది, కొంచెం కీచుగొంతు. ఇసొబె కింద పడ్డ కర్ర ఏరి, రెండూ కలిపి నవాతా చేతిలో పెట్టాడు. నవాతా కొట్టాడు. ఒక్క దెబ్బా అంచుకి పోలేదు. అన్నీ నడుమ పడ్డాయి. బాకాలు మళ్ళీ అందుకున్నాయి. డోలు జారకుండా ఇసొబె మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయనకి మైదానం కనపడలేదు. బ్యాటుకి బంతి తగిలిన మోత వినపడింది. పైకి లేచిన బంతి, కాస్త బ్యాటు కొస తగిలింది, అయినా ఎవరికీ అందదు అనుకున్నాడు. అందింది. ఓర్కాస్ ఫీల్డరు గోడ ముందు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఏమీ జరగలేదు. పెలికన్స్ నాలుగో స్థానం.

జనం చెత్త ఏరి సంచుల్లో వేస్తున్నారు. గుంపులో ఎవరూ వెళ్ళలేదు. ఇసొబె వాళ్ళ ముందు నిలబడ్డాడు. ఆయన జీవితంలో అంతమంది ముందు మాట్లాడింది లేదు.

"నవాతా సంకేతాలు పంపుతున్నాడని ఒకినొ గారితో చెప్పింది నేను. ఉత్తరం రాయమన్నదీ నేనే. తప్పు నా తోలుది. నా చేతిది," అన్నాడు. నడుము వంచాడు, లేవలేదు.

"ఉత్తరమా?" అంది ఒకినొ. "సెప్టెంబరు చివర్లో ఈ గుంపులో సగం మందికి పిచ్చి పడుతుంది. మొన్న ఒకాయన అంపైర్ పెళ్ళాం ఓర్కాస్ ఊరిదని తేల్చుకొచ్చాడు. ఆదివారం దాకా ఆగుదామనుకున్నా. రాయలేదు. లేవండి, నడుం పట్టేస్తుంది."

నవాతా డోలు చుట్టూ ఉన్న మేకుల్ని చూశాడు. తరవాత, "దొంగని అనుకుని కూడా ఎనిమిది ఆటలు నోరు మూసుకుని విన్నారా మీరు?" అని అడిగాడు.

"విన్నాను."

"అడగాల్సింది."

"అడిగాను. అబద్ధం చెప్పావు."

"చెప్పాను," అన్నాడు నవాతా. ఇద్దరూ డోలుకి గుడ్డ తొడిగారు. ముడి ఎవరు వెయ్యాలో తేలక కాసేపు గుడ్డ కొసలు చేతుల్లోనే ఉన్నాయి. చివరికి నవాతా వేశాడు.

మంగళవారం కార్ఖానాకి సెలవు. ఇసొబె చిరిగిన తోలు మేకులు ఊడదీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నవాతా బండిలో ఇద్దరూ హిరొకావా వెళ్ళారు. నవాతా ఇంకా కోపంగానే ఉన్నాడని ఇసొబెకి తెలుసు. ఉండనీ అనుకున్నాడు.

బూడిద టోపీ ముసలాయన తోలుని బల్ల మీద పరిచి, లోపలి వైపు వేలితో గాటు వెంబడి మెల్లగా వెళ్ళాడు. రెండుసార్లు వెళ్ళాడు.

"ఎవరు ఎక్కించారిది?"

నవాతా నోరు తెరిచాడు.

"నేను," అన్నాడు ఇసొబె.

ముసలాయన తోలు అంచున మేకులు వదిలిన చిల్లుల వరస చూశాడు. "మేకులు కొట్టడం వచ్చు. తోలు చూడటం రాదు," అని, పక్కనున్న నీళ్ళ తొట్టిలోంచి ఒక కొత్త తోలు బయటికి లాగి, లోపలి వైపు పైకి వచ్చేలా ఆయన ముందు వేశాడు. "కళ్ళు మూసుకోండి. చెయ్యి పెట్టండి."